మధ్యాహ్నం పోయే బొమ్మ

టీవీలో బొమ్మ పోతున్నందుకు ఎక్స్‌రే అమ్మను తిట్టుకోనివాళ్లు ఆ మూడంతస్తుల భవనంలో ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆమె అత్తగారు. రెండోవారు ఆ వారం ఊళ్లో లేరు. భర్త పైకి తిట్టలేదు గానీ, కంచం ముందు కూర్చుని తలెత్తకుండా, “కొన్నాళ్లు ఆ తీగ తీసేస్తే పోలా?” అన్నాడు. ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అంటే? నా తీగ వల్లే పోతోందని మీరూ అనుకుంటున్నారా?”

“అనుకోవడం కాదు. గొడవెందుకని.”

“గొడవ చేస్తున్నది నేనా?”

ఆయన మంచినీళ్లు తాగి లేచిపోయాడు. గొడవ వాసన తగిలితే చాలు, ఆయనకి బజారులో ఏదో పని గుర్తొస్తుంది.

ఆమె పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఎక్కే షిఫ్టు. ఎక్స్‌రే అమ్మ అన్న పిలుపులో మొదట్లో మంచి గౌరవమే ఉండేది. ఎవరి పిల్లాడు నాణెం మింగినా, ఎవరి నడుం పట్టేసినా ముందు ఆమె తలుపే తట్టేవాళ్లు. ఇప్పుడు అదే పిలుపుని మెట్ల మీద గుసగుసగా అంటున్నారు. “అక్కడా కిరణాలే, ఇక్కడా కిరణాలే. ఆ ఇంట్లో అన్నం ఎలా అరుగుతుందో!”

ఉపగ్రహాల పిచ్చి ఆమెకు డాబా మీదే అంటుకుంది. రెండేళ్ల కిందట ఒక వేకువన ఆరిన బట్టలు తెచ్చుకుందామని పైకి వెళ్తే, ఆకాశంలో ఒక చుక్క కదిలిపోతూ కనిపించింది. మినుకూ లేదు, చప్పుడూ లేదు. ఈ చివర పుట్టి ఆ చివరికి నడుచుకుంటూ పోతూ, మధ్యలోనే మాయమైంది. అది ఉపగ్రహమని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరూ చెప్పలేకపోవడమే ఆమెకు నచ్చలేదు. వచ్చేదానికి ఒక వేళంటూ ఉంటుంది కదా!

స్టోర్‌కీపర్ ఇంట్లో దుమ్ముకొట్టుకుపోయిన పాత హోమ్ కంప్యూటర్ ఒకటి ఉంటే అడిగి తెచ్చుకుంది. కంప్యూటర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. మీటల పలక ఒకటి, దాన్ని టీవీకి తగిలిస్తే అక్షరాలు కనిపిస్తాయి. రాసిన ప్రోగ్రామును టేప్ రికార్డర్లో, పాటల క్యాసెట్ మీద దాచుకోవాలి. రేడియో సరదా ఉన్నవాళ్లు నడిపే ఒక క్లబ్బు తపాలాలో పంపే పత్రికలో, ఏ ఉపగ్రహం ఏ దారిలో ఎంత వేగంగా తిరుగుతోందో అంకెలు వేసేవారు. ఆ అంకెలు తీసుకుని, ఇంటిపని అయ్యాక షిఫ్టుకి వెళ్లేలోగా, రోజూ ఇన్ని లైన్లు రాసుకుంటూ పోయింది.

మొదటిసారి నడిపినప్పుడు, ఆ ఉపగ్రహం సరిగ్గా వాళ్ల వంటింటి కింద, భూమి లోపల ఉందని వచ్చింది. ఆమె కోణాలన్నీ డిగ్రీల్లో ఇచ్చింది. ఆ మెషీన్‌కేమో రేడియన్లనే ఇంకో కొలత తప్ప అర్థం కాదు. అది దిద్దేసరికి భూమిలోంచి పైకి లేచింది గానీ, పగటిపూట కనిపిస్తానని మొరాయించింది. నేల మీద చీకటిగా ఉండి, పైన దాని మీద ఎండ పడుతుంటేనే ఉపగ్రహం మన కంటికి ఆనుతుంది. అందుకని సూర్యుడు ఏ క్షణాన ఎక్కడుంటాడో కూడా లెక్క కట్టించాల్సి వచ్చింది. ఆ సూర్యుడి ముక్క రాయడానికే ఆమెకు వానాకాలమంతా పట్టింది.

అత్తగారికి మొదట్లో ఇదంతా కంటగింపుగానే ఉండేది. టీవీకి అడ్డం కదా! ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. క్యాసెట్ లోంచి ప్రోగ్రాము ఎక్కుతున్నప్పుడు వచ్చే కీచుమోతకి చెవులు మూసుకోవాల్సింది పోయి, ఒకరోజు చెయ్యెత్తి “ఆగమ్మాయ్! మధ్యలో లైను తెగింది. మళ్లీ పెట్టు” అంది. చూస్తే నిజమే, ప్రోగ్రాము సగంలో చెడింది. ఆ రోజు నుంచి క్యాసెట్ ఎక్కించే పని ఆవిడదే అయింది.

తొలిసారి లెక్క కుదిరిన వేకువ ఇద్దరూ డాబా మీద శాలువాలు కప్పుకుని నిలబడ్డారు. ప్రోగ్రాము చెప్పిన మూలనుంచి, చెప్పిన వేళకి, చుక్క లేచింది. అత్తగారు నోరెళ్లబెట్టి అది కనుమరుగయ్యేదాకా చూసి, “ట్రంకాల్ కూడా ఏనాడూ ఇంత టైముకి కలవలేదే!” అంది. కోడలికి కళ్లు చెమర్చాయి. అంతకు మించిన మెచ్చుకోలు ఆ నోటినుంచి రాదని ఆమెకు తెలుసు.

తర్వాత కొన్ని చిన్న ఉపగ్రహాలు వెళ్తూ వెళ్తూ కూత పెడతాయని పత్రికలో చదివి, పిట్టగోడ పొడవునా ఒక రాగి తీగ కట్టింది. కింద ఇంట్లో ఉన్న రేడియోకి దాన్ని కలిపింది. తీగ వింటుంది, అంతే. అటునుంచి వచ్చేది పట్టుకోవడమే గానీ దానికి ఇటునుంచి పంపడం చేతకాదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి భవనం సెక్రటరీ బావమరిది కేబుల్ వ్యాపారం మొదలుపెట్టి, డాబా నడిమధ్యన ఇంతెత్తు డిష్ దింపాడు. అసోసియేషన్ని ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో ఎవరికీ తెలియదు. బట్టలారేసుకునే చోటు సగం పోయింది. అయినా ఎవరూ కిక్కురుమనలేదు. మధ్యాహ్నం పూట వచ్చే అక్కాచెల్లెళ్ల సీరియల్ అందరి నోళ్లూ కట్టేసింది.

ఆ సీరియల్లో చెల్లెలు అక్క ముఖం మీద నిజం చెప్పేయబోతున్న రోజున బొమ్మ పోయింది. ముందు తెర మీద తెల్లని చుక్కలు రాలాయి. తర్వాత చీమలు పాకినట్టు కమ్ముకుని, బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. కాసేపటికి అదే తిరిగొచ్చింది. అప్పటికి అక్క ఏడుస్తోంది. చెల్లెలు ఏమందో ఎవరికీ తెలియలేదు. మర్నాడు మళ్లీ అదే వేళకి పోయింది, ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు. మెట్ల మీద గుమిగూడిన జనంలో ఎవరో, “పైన ఆ తీగొకటి ఉందిగా” అన్నారు. ఇంక చూసుకోండి.

సెక్రటరీ తలుపు తట్టకుండానే లోపలికొచ్చాడు.

“చూడమ్మా, మీ కిరణాలు కాస్త ఆపాలి. జనం బాధపడుతున్నారు.”

“కిరణాలేంటండీ? అది వినే తీగ. మీ డిష్ ఎలాగో అదీ అంతే. రెండూ వినేవే.”

“మా డిష్‌తో మీ తీగకి పోలికా?” అని నవ్వాడాయన. “అది కంపెనీ సరుకు. మీది మీరు కట్టుకున్నది.”

“నేను కట్టుకున్నదైతే? దాన్లోంచి కిరణాలొస్తాయా?”

“అవన్నీ నాకు తెలీవు. మీ తీగ రాకముందు మాకీ పీడ లేదు.”

“నా తీగ వచ్చి ఏడాది దాటింది. మీ డిష్ వచ్చి ఆర్నెల్లు కాలేదు!”

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. గోడ మీద ఆమె అతికించుకున్న ఆకాశం పటాన్ని దొంగసొత్తుని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. ఆసుపత్రిలో తాగొచ్చి తిట్టినవాళ్ల మీద కూడా ఆమెకి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఆ వేళకి ఆమె కావాలనే తడిబట్టల బకెట్ తీసుకుని డాబా ఎక్కింది. కింద ఒక్కసారిగా “పోయింది, పోయింది” అని కేకలు వినిపించాయి. ఆమె డిష్ వైపు తిరిగింది. డిష్ మధ్యలో మూడు కాళ్ల మీద నిలబెట్టిన చిన్న గిన్నెలాంటిది ఒకటుంటుంది. సిగ్నల్ వచ్చి పడేది దాన్లోనే. ఎండకి ఆ గిన్నె నీడ ఎప్పుడూ డిష్ మీద ఏదో ఒక వారకి పడుతుంటుంది. ఇప్పుడది సరిగ్గా నట్టనడుమ, బొట్టు పెట్టినట్టు పడింది. అంటే డిష్ నేరుగా సూర్యుడి ముఖంలోకి చూస్తోంది. ఆమె చేతిలోని తడి దుప్పటి నీళ్లోడుస్తూ అలాగే ఉండిపోయింది. నీడ నడిమినుంచి మెల్లగా పక్కకి జరిగింది. జరిగేసరికి కింద కేకలు తగ్గి, సీరియల్ పాట మొదలైంది.

బట్టలు బకెట్లోనే వదిలేసి కిందికి పరిగెత్తింది. “అత్తయ్యా! క్యాసెట్ పెట్టండి!”

ఇందాక నీడ నట్టనడుమ పడిన క్షణంలో సూర్యుడు ఎక్కడున్నాడని ప్రోగ్రామును అడిగింది. డిష్ చూసే దిక్కు అదేనన్నమాట. ఇక రేపు, ఎల్లుండి సూర్యుడు ఆ దిక్కుకి ఎప్పుడు ఎంత దగ్గరగా వస్తాడో లెక్క వేయమంది. మెషీన్ ఆలోచించుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఆ డిష్ నమ్ముకున్న ఉపగ్రహం ఆకాశంలో ఒకేచోట నిలబడి ఉండే రకం. ఏడాదికి రెండు విడతలు, కొన్ని రోజులపాటు, సూర్యుడు సరిగ్గా దాని వెనకనుంచి దాటుకుంటూ పోతాడు. సూర్యుడి హోరు ముందు ఉపగ్రహం గొంతు ఎవరికి వినపడుతుంది? బొమ్మ పోకేం చేస్తుంది?

“మైకు ముందు గుసగుస అన్నమాట” అంది అత్తగారు.

“అంతే అత్తయ్యా. ఇంకో మూడ్రోజులు పోతుంది, తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. మళ్లీ ఆర్నెల్లకి వస్తుంది.”

ఆమె ఎంత సంబరపడిందంటే, జనమంతా తనతోపాటు సంబరపడతారని నమ్మింది. తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి నోటీసు బోర్డుకి గుచ్చింది. రేపు మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి బొమ్మ పోతుంది, కాసేపటికి అదే వస్తుంది, కారణం సూర్యుడు, ఇంకో మూడు రోజులకి పూర్తిగా ఆగిపోతుంది అని. ఎవరికీ అనుమానం లేకుండా తీగ విప్పి, చుట్టచుట్టి, అందరూ చూస్తుండగా కింది మెట్టు మీద పెట్టుకుని కూర్చుంటానని కూడా రాసింది.

అన్నట్టే కూర్చుంది. పక్కన అత్తగారు కుర్చీ వేసుకుంది. అన్ని వాటాల తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. పన్నెండూ ఇరవై కాగానే అన్ని ఇళ్లలోంచీ ఒకేసారి బుస్సుమంది.

ఎక్స్‌రే అమ్మ లేచి నిలబడి, “చూశారా?” అంది.

అందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఆ చూపుల్లో ఆమె అనుకున్నది లేదు. మొదటి వాటాలో ఉండే టైలరు గొంతు సవరించుకుని, “ముందే ఎలా తెలిసిందమ్మా?” అన్నాడు.

“లెక్క వేశాను.”

“నిమిషంతో సహానా?”

“నిమిషంతో సహానే. లెక్కంటే అదే కదా!”

“ఎవరైనా చేస్తుంటేనేగా నిమిషంతో సహా తెలిసేది?” అంది టైలరు భార్య.

సెక్రటరీ ముందుకొచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. “తీగ ఇక్కడుంటే ఏంటి? కంప్యూటర్ ఇంట్లోనే ఉందిగా. టైము పెట్టి వచ్చుంటుంది. ఏమమ్మా, నీకై నువ్వే రాసిచ్చి దొరికిపోయావు!”

“నేను సూర్యుణ్ని ఆపానా? పైకి రండి! ఇప్పుడే రండి, డిష్ మీద నీడ చూపిస్తాను!”

“ఎండలో పైకెందుకమ్మా?” అన్నారెవరో.

అత్తగారు అప్పటికే లోపలికి వెళ్లి ఫోన్ అందుకుంది. పొరుగూరి ఎక్స్ఛేంజీలో ఇంకా పనిచేస్తున్న పాత స్నేహితురాలితో మాట్లాడి, రొప్పుతూ వచ్చింది. “అక్కడా ఇప్పుడే పోయిందట! ఊరంతా పోయిందట! దాని చేతే చెప్పిస్తాను, వచ్చి వినండి!”

“అయ్య బాబోయ్!” అన్నాడు సెక్రటరీ. “ఆ ఊరిదాకా పాకిందా మీ కిరణం?”

జనం నవ్వారు. ఎక్స్‌రే అమ్మ భర్త కూడా, అలవాటుకొద్దీ, సగం నవ్వాడు. భార్య ముఖం చూసి ఆ సగం నవ్వుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దగ్గాడు. ఆ గొడవలో మెట్టు మీది తీగచుట్టని సెక్రటరీ చంకన పెట్టుకుని పోయాడు. సాయంత్రానికి డాబా తలుపుకి తాళం పడింది.

మూడు రోజులు దాటాక బొమ్మ పోవడం ఆగిపోయింది. “తీగ తీశాం, తగ్గింది” అన్నాడు సెక్రటరీ, కనిపించిన ప్రతివాడితోనూ. కాగితంలో మూడు రోజుల గురించి ఏం రాసుందో చదివినవాడు ఒక్కడూ లేడు. చదువుదామన్నా, ఆ కాగితాన్ని ఎవరో చింపేశారు.

ఆ ఆరునెలలూ ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. నడుం నొప్పి అని తలుపు తడితే, “ఓపీ చీటీ రాయించుకుని రండి” అనేది. చుక్కలు చూడాలంటే సాయంత్రం టీ వేళలో ఆసుపత్రి వెనక, పాత మంచాలు గుట్టపోసిన చోట నిలబడి చూసుకునేది. సొంత ఇంటి పైనున్న ఆకాశానికి ఇంకొకడు తాళం వేయడమేంటని గొణుక్కునేది. భర్తతో మాట్లాడాల్సినవి మాట్లాడేది. ఒకరోజు ఆయన, “నేనా రోజు నవ్వకుండా ఉండాల్సింది” అన్నాడు. “ఉండాల్సింది” అని మాత్రం అని ఆమె చెప్పులేసుకుంది.

అందరికన్నా గట్టి పని చేసింది అత్తగారు. తాళం పడిన మర్నాడే కేబుల్ కుర్రాణ్ణి పిలిచి, “మా తీగ మీకు పనికిరానప్పుడు మీ తీగ మాకెందుకు? పీక్కుపో” అని కనెక్షన్ తీయించేసింది. చెల్లెలు అక్కతో ఏమందో ఆవిడకి ఈ జన్మకి తెలిసే దారి లేకపోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి కిందింట్లోంచి సీరియల్ పాట వినిపించేది. ఆవిడ లేచి కిటికీ మూసేది.

ఆరునెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం, బొమ్మ పోయింది.

భవనమంతా మెట్ల మీదకొచ్చింది. అందరూ తలెత్తి పైకి చూశారు. డాబా తలుపుకి తాళం వేసినట్టే ఉంది. ఎక్స్‌రే అమ్మ టీవీ లేని గదిలో, అంటే కేబుల్ లేని టీవీ ఉన్న గదిలో, తలుపు తీసుకునే కూర్చుని షిఫ్టుకి జడ వేసుకుంటోంది. జనం ఆమెను చూశారు, ఆమె జనాన్ని చూసింది. ఒక్కొక్కరే లోపలికి జారుకున్నారు.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీ బావమరిది వచ్చాడు. ఊళ్లో ఇప్పుడతనికి చాలా భవనాలున్నాయి. ఒక్కరోజులో అందరూ కలిసి అతన్ని ఉతికి ఆరేసినట్టున్నారు, మనిషి సగమైపోయాడు. వెనకాల సెక్రటరీ నేల చూపులు చూస్తున్నాడు.

“డిష్ కంపెనీ వాళ్లకి ఫోన్ చేశానమ్మా. ఎండ వల్లేనట. ఏటా రెండుసార్లు తప్పదట. ఏ రోజు ఎప్పుడు పోతుందో ముందే తెలిస్తే జనానికి చెప్పుకోవచ్చన్నారు. మీకు తెలుసని మా బావ అన్నాడు.” ఆపైన నిష్ఠూరంగా అన్నాడు. “తెలిసి కూడా ఒక్క మాట చెప్పకపోతే ఎలాగమ్మా?”

ఆమె దువ్వెన కింద పెట్టింది.

“చెప్పలేదా? నేను చెప్పలేదా?” గొంతు పై అంతస్తుదాకా వెళ్లింది. “కాగితం మీద రాసి బోర్డుకి గుచ్చితే చెప్పడం కాదా? తీగ విప్పుకుని మెట్టు మీద ముద్దాయిలా కూర్చున్నాను. అదీ చెప్పడం కాదా? పైకి రండి, కళ్లతో చూడండి అని మొత్తుకుంటే ఎండగా ఉందన్నారు! ఇప్పుడు కంపెనీవాడు ఫోన్లో చెబితే నిజమైపోయిందా? అదే మాట నా నోటివెంట వస్తే కిరణమయిందా?”

“నేనెప్పుడన్నానమ్మా? జనం అన్నారు” అన్నాడు సెక్రటరీ.

“జనం కాదు, మీరు! ఆ మెట్టు దగ్గర నిలబడి, ‘నీకై నువ్వే రాసిచ్చి దొరికిపోయావు’ అన్నది మీరు. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆరునెలలుగా ఆ మాట రోజూ వింటున్నాను నేను.”

తలుపుల దగ్గర మనుషులు చేరారు. భర్త వంటింట్లోంచి వచ్చాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఆయనే ముందుకు నడిచి, “సెక్రటరీగారూ, తాళం చెవి ఇవ్వండి” అన్నాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

తాళం చెవి వచ్చింది. “తీగ ఏది?” అందామె. టైలరు భార్యే, ఎందుకో ఏమో, వేలు పెట్టి చూపించింది. తీగ సెక్రటరీ గారి బాల్కనీలో ఈ కొసనుంచి ఆ కొసకి కట్టి ఉంది. దాని మీద ఆయన చొక్కాలు ఆరుతున్నాయి.

“సాయంత్రం విప్పి పంపిస్తాను. ఇంకా తడిగా ఉన్నాయి.”

“ఇప్పుడే.”

“తడిబట్టలమ్మా...”

“ఇప్పుడే విప్పండి. మీ చేత్తో.”

భవనమంతా చూస్తుండగా ఆయన తడి చొక్కాలు భుజాన వేసుకుని, బిగుసుకుపోయిన ముడులు గోళ్లతో లాగి లాగి విప్పాడు. ఎవరూ సాయానికి వెళ్లలేదు.

ఆ మధ్యాహ్నం చాలామంది డాబా ఎక్కారు. నీడ నట్టనడిమికి రావడం చూశారు. కింద ఇళ్లలో బొమ్మ పోయిన చప్పుడు విన్నారు. “అబ్బో” అన్నారు. క్షమించమని ఒక్కరూ అనలేదు. సెక్రటరీ అసలు పైకే రాలేదు. ఆమె నీడ కేసి వేలు చూపించింది తప్ప ఎవరికీ ఏమీ వివరించలేదు. రాబోయే రోజుల వేళలు కాగితం మీద రాసి బావమరిది చేతికిచ్చింది. కింద తన పేరు రాసింది. ఎక్స్‌రే అమ్మ అని కాదు, జీతం కాగితంలో ఉండే పూర్తి పేరు. “ఊళ్లో ఎక్కడ అతికించినా ఈ పేరుతోనే అతికించాలి” అంది. అతను తలూపి, అత్తగారి వైపు తిరిగి, ఆ ఇంటికి ఇక జన్మంతా కేబుల్ ఊరికే ఇస్తానన్నాడు.

“ఊరికే ఎందుకూ?” అంది అత్తగారు. “నెలనెలా కడతాను. బొమ్మ పోయినప్పుడు నిన్ను నోరారా తిట్టుకోవద్దూ?”